మాత్ర ఎందుకు తప్పుతోంది?
గుండె వైఫల్యం ఉన్నవారి ఇంటివారికి కొన్ని సూచనలు

గుండె వైఫల్యం అనే మాట వినగానే చాలామంది గుండె ఆగిపోయిందని భయపడతారు. ఆగిపోవడం వేరు, ఇది వేరు. ఇందులో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాని శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేని స్థితికి వస్తుంది. పాత గుండెపోటు, ఏళ్ళ తరబడి అదుపులో లేని రక్తపోటు, చక్కెర వ్యాధి, చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాత జ్వరం వల్ల చెడిపోయిన కవాటాలు దీనికి ముఖ్య కారణాలు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పాదాలకు వాపు, రాత్రి పడుకున్నాక ఊపిరాడక లేచి కూర్చోవడం దీని లక్షణాలు. మన వైపు పెద్దవాళ్ళు దీన్ని 'దమ్ము' అంటారు. అందుచేత ఉబ్బసం అనుకొని నెలల తరబడి ఉబ్బసం మందులు వాడినవారు కూడా ఉన్నారు.

ఈ వ్యాధికి మంచి మందులు ఉన్నాయి. కాని చాలామందికి వాటిని జీవితాంతం, రోజూ, కొన్నిసార్లు రోజుకు ఎనిమిది పది మాత్రల వరకు వేసుకోవలసి వస్తుంది. అక్కడే చిక్కు వస్తుంది. ఈ వ్యాసం రోగి కన్నా రోగి దగ్గర ఉండే మీకోసం వ్రాస్తున్నాను. మీరు భార్య కావచ్చు, కొడుకు కావచ్చు, కోడలు కావచ్చు. ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఉంటూ ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోనులో మందులు గుర్తుచేసే విద్యార్థి అయినా కావచ్చు.

రోగి మందు మానేస్తే మనం మొదట అనే మాట "చెప్పిన మాట వినరు" అని. వార్డులో ఇన్నేళ్ళుగా చూసినదాన్నిబట్టి చెబుతున్నాను, ఒట్టి మొండితనంతో మానేసినవారు చాలా తక్కువ. ప్రతివారికీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని బయటకు చెప్పరు, మనం అడగము. కారణం తెలిస్తే సగం పని అయినట్లే. తెలియకుండా కోప్పడితే, మాత్ర వేసుకోకపోయినా "వేసుకున్నాను" అని చెప్పడం నేర్చుకుంటారు.

ఇది మన ఇళ్ళలో మాత్రమే ఉన్న సమస్య కాదు. దీర్ఘకాలిక వ్యాధులు ఉన్నవారిలో, సంపన్న దేశాలలో సైతం, మందులను చెప్పినట్లు వాడేవారు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించింది. మన దేశం సంగతి చూస్తే, కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 2013లో గుండె వైఫల్యంతో ఆసుపత్రులలో చేరిన 1,205 మంది వివరాలను వైద్యులు నమోదు చేశారు. వారి సగటు వయస్సు 61 సంవత్సరాలు. పాశ్చాత్య దేశాలలో ఈ వ్యాధి సాధారణంగా 70 దాటినవారిలో ఎక్కువ. సంవత్సరం తిరిగేలోపు వారిలో సుమారు పదిమందికి ముగ్గురు చనిపోయారు. ఇవ్వవలసిన మందులన్నీ సరిగా అందినవారు సుమారు నాలుగోవంతు మాత్రమే. కనుక మాత్ర తప్పడం చిన్న విషయం కాదు.

మందులు ఏమి చేస్తాయి?

గుండె సరిగా పంపు చేయనప్పుడు మూత్రపిండాలకు రక్తం తక్కువగా అందుతుంది. ఒంట్లో నీరు తగ్గిపోయిందని మూత్రపిండాలు పొరబడి, ఉప్పును, నీటిని బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఆ నీరు కాళ్ళలోకి, ఊపిరితిత్తులలోకి చేరుతుంది. మరోప్రక్క శరీరం కొన్ని హార్మోనులను విడుదల చేసి గుండెను గట్టిగా తరుముతుంది. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్లు. కొన్నాళ్ళు నడుస్తుంది, తరువాత కూలబడుతుంది.

ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ వంటివి పట్టి ఉన్న నీటిని బయటకు పంపుతాయి. మన రోగులు వీటిని 'నీళ్ళ గోళీ' అంటారు. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి లేదా వాటి స్థానంలో ఇచ్చే సాకుబిట్రిల్-వాల్సార్టాన్, స్పైరొనోలాక్టోన్, ఇటీవలి కాలంలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ - ఇవన్నీ ఆ ముల్లుకర్రను ప్రక్కకు తీసే మందులు. ఎవరికి ఏవి, ఎంత మోతాదులో అన్నది డాక్టరుగారు నిర్ణయిస్తారు.

ఇక్కడ ఒక సంగతి ఇంటివారికి బాగా అర్థం కావాలి. నీళ్ళ గోళీ వేసుకుంటే గంటలోపే పని చేస్తున్నట్లు తెలుస్తుంది, ఆయాసం తగ్గుతుంది. మిగతా మందులు వేసుకుంటే ఆ పూట ఏమీ తెలియదు. కాని ఆయుష్షును పెంచేవి, మళ్ళీ ఆసుపత్రిలో చేరకుండా కాపాడేవి ముఖ్యంగా ఆ మిగతా మందులే. కాళ్ళ వాపు తగ్గగానే "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇన్ని ఎందుకు?" అని రోగి వదిలేసేవి కూడా అవే. బాగుండడం మందుల వల్లనే అని అప్పుడు గుర్తుకు రాదు. మందు మానిన రెండో రోజే ఏమీ కాదు. రెండు మూడు వారాలు గడిచాక ఒక రాత్రి దమ్ము వస్తుంది. అప్పటికి మాత్ర మానిన సంగతి మరచిపోయి, నిన్న తిన్న పెరుగన్నం వల్ల అనుకుంటారు.

బీటా బ్లాకరు గురించి మరొక మాట. దీన్ని చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, సుమారు రెండేసి వారాలకు పెంచుతూ పోతారు. మోతాదు పెరిగితే జబ్బు ముదిరిందని రోగి దిగులుపడతారు. అది నిజం కాదు, గుండె తట్టుకోగలుగుతున్నది గనుకనే పెంచుతున్నారు. మొదటి వారాలలో నీరసంగా ఉండవచ్చును. దాన్ని డాక్టరుగారితో చెప్పాలి గాని, ఒక్కసారిగా ఆపివేయకూడదు. అలా ఆపడం ప్రమాదం.

నీళ్ళ గోళీ, బస్సు ప్రయాణం

అన్ని మాత్రలలోకి ఎక్కువగా తప్పేది నీళ్ళ గోళీ. ముఖ్యంగా స్త్రీలలో. "సిస్టరమ్మా, ఆ గోళీ ఏసుకుంటే పదిసార్లు లేవాలె. తార్నాకలో బస్సెక్కి కోఠి పోయొచ్చేదాక నేనెట్ల ఆపుకోవాలె?" అని అడిగే పెద్దమ్మకు మనం ఏమి సమాధానం చెబుతాం? ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న. మన వీధులలో ఆడవాళ్ళకు మూత్రశాలలు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు. అందుకని ఆమె ఆసుపత్రికి వచ్చే రోజు వేసుకోరు, పెళ్ళికి వెళ్ళే రోజు వేసుకోరు, చర్చికో గుడికో వెళ్ళే రోజు వేసుకోరు. దానికి తోడు నీళ్ళు కూడా త్రాగకుండా వెళతారు. వారంలో మూడు రోజులు అలా గడిచిపోతాయి. పెద్దమ్మను తప్పుపట్టడం నాకు చేతకాదు.

దీనికి మార్గం ఉంది. ఫ్యూరోసెమైడ్ నోటి ద్వారా వేసుకుంటే గంటలోపు మొదలై, రెండు గంటల వరకు బాగా పనిచేసి, ఆరు గంటలకు చాలావరకు ముగిసిపోతుంది. ఉదయం ఐదున్నరకు వేసుకుంటే తొమ్మిదింటికి ఇంటినుండి బయలుదేరవచ్చును. లేదా పదకొండింటికి తిరిగి వచ్చేటట్లయితే వచ్చాక వేసుకోవచ్చును. కొన్ని గంటలు ముందుకో వెనుకకో జరపవచ్చునా అని మీ డాక్టరుగారిని ముందే అడిగి ఉంచుకోండి. చాలామందికి ఒప్పుకుంటారు. జరపడం వేరు, మానడం వేరు అని రోగికి చెప్పండి. రెండో మోతాదు ఉంటే సాయంత్రం నాలుగింటి లోపలే వేయండి. రాత్రి పడుకోబోయే ముందు వేస్తే నిద్ర పాడవుతుంది, చీకట్లో లేచి బాత్‌రూములో జారిపడిన వృద్ధులు ఉన్నారు.

వాహనం నడిపేవారికి, సెక్యూరిటీ డ్యూటీలో ఒకేచోట నిలబడవలసిన వారికి కూడా ఇదే బాధ. డ్యూటీ వేళలు డాక్టరుగారికి చెబితే దానికి తగినట్లు మాత్ర వేళను మారుస్తారు. చెప్పకపోతే ఆయనకు ఎలా తెలుస్తుంది?

"నాకు షుగర్ లేదు కదా!"

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు మొదట చక్కెర వ్యాధికి వచ్చాయి. తరువాత 2019లో ప్రచురించబడిన ఒక పెద్ద పరిశోధనలో, షుగర్ లేని గుండె వైఫల్య రోగులకు కూడా డాపాగ్లిఫ్లోజిన్ మేలు చేస్తుందని తేలింది. ఈ సంగతి తెలియక ఏమి జరుగుతుందంటే, మందుల షాపులోనో ప్రక్కింటిలోనో ఎవరో "ఇది షుగర్ గోళీ, మీకెందుకు?" అంటారు. రోగికి ఆ మాట నచ్చుతుంది, ఒక మాత్ర తగ్గుతుంది కదా! అదేవిధంగా రక్తపోటు మామూలుగా ఉన్న రోగికి రామిప్రిల్ ఇస్తే "నాకు బీపీ లేదు" అని ప్రక్కన పెడతారు. డిశ్చార్జి రోజున ప్రతి మాత్ర ఎదుట "గుండె కోసం" అని తెలుగులో వ్రాయించుకోండి. ఉర్దూ చదివేవారైతే ఉర్దూలో వ్రాయించుకోండి. మేము అడిగినవారికి వ్రాసి ఇస్తాము, అడగడానికి మొహమాటపడకండి.

చీటీ మీద 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఏమీ లేదు, రాత్రి ఒకటి అని అర్థం. చదువు రానివారికి స్ట్రిప్పు మీద సూర్యుడినో చంద్రుడినో పెన్నుతో గీసి ఇవ్వవచ్చును. ఇలాంటి పనికి హాస్టలు విద్యార్థుల కంటే మంచివారు లేరు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అరగంట కూర్చొని అమ్మ మందుల సంచిని సర్దిపెట్టి రండి.

ఆ సంచి సర్దేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, ఒకే మందు రెండు పేర్లతో ఉందేమో. పెద్ద ఆసుపత్రిలో ఒక కంపెనీ మందు వ్రాస్తారు. తార్నాక ఆర్టీసీ ఆసుపత్రిలోనో, లాలాగూడ రైల్వే ఆసుపత్రిలోనో మందులు తీసుకునేవారికి అదే మందు వేరే కంపెనీది రావచ్చును. రంగు వేరు, పేరు వేరు కనుక రెండూ వేసుకుంటారు. లేదా రంగు మారిందని రెండూ మానేస్తారు. స్ట్రిప్పు మీద కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు ఉంటుంది, దాన్ని చూడండి. రెండవది, మందు మార్చినప్పుడు పాతది ఇంట్లో ఉండకూడదు. ముఖ్యంగా ఎనలాప్రిల్ గాని రామిప్రిల్ గాని ఆపి సాకుబిట్రిల్-వాల్సార్టాన్ మొదలుపెట్టేటప్పుడు మధ్యలో కనీసం 36 గంటలు ఎడం ఉండాలి. రెండూ కలిస్తే ముఖం, గొంతు వాచి ప్రాణం మీదికి రావచ్చును. "డబ్బు పెట్టి కొన్నాం కదా, ఇది అయిపోయాక అది మొదలుపెడదాం" అనుకోవద్దు.

ఏడు గదుల మాత్రల పెట్టె మంచిదే. కాని స్ట్రిప్పులను ముక్కలుగా కత్తిరించి అందులో వేస్తే పేరు, గడువు తేదీ రెండూ పోతాయి. ప్రతి మందుకు ఒక పూర్తి స్ట్రిప్పు విడిగా ఉంచండి.

సిగ్గుపడి చెప్పనివి

ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. రాత్రంతా దగ్గి, దగ్గు సిరప్పులు త్రాగి, చివరికి ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానేస్తారు. డాక్టరుగారికి చెబితే దగ్గు రాని వేరే మందు ఇస్తారు. స్పైరొనోలాక్టోన్ వల్ల కొందరు మగవారికి రొమ్ము భాగంలో నొప్పి, వాపు వస్తాయి. ఇది నాకు చెప్పడానికి కూడా పెద్దవారు సిగ్గుపడతారు, కోడలికి ఏమి చెబుతారు? దానికి కూడా బదులు మందు ఉంది. దాంపత్య జీవితంలో ఇబ్బంది కలిగి మాత్ర మానేసేవారు, ముఖ్యంగా నలభై, యాభై ఏళ్ళవారు, మనం అనుకునేదానికంటే ఎక్కువ. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వచ్చి డాక్టరుగారితో ఏకాంతంగా మాట్లాడండి. దీనిలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

డబ్బు సంగతి చెప్పడానికి ఇంకా సిగ్గు. నెలాఖరుకు మాత్రలు సరిపోవని రోజు విడిచి రోజు వేసుకునేవారు ఉన్నారు. అలా సాగదీయకుండా, "ఇంత ఖర్చు మాకు కుదరదు" అని చీటీ వ్రాసేటప్పుడే చెప్పండి. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు 2020లో, సాకుబిట్రిల్-వాల్సార్టాన్‌ది 2023లో ముగిశాయి. అప్పటినుండి అనేక కంపెనీలు వాటిని తయారుచేస్తున్నందున ధర బాగా తగ్గింది. జన ఔషధి కేంద్రాలలో చాలా మందులు తక్కువ ధరకు దొరుకుతాయి. అన్నీ కొనలేకపోతే ఏవి మానరాదో డాక్టరుగారే చెప్పాలి, మనం ఎంచుకోకూడదు.

ఉపవాసం కూడా ఒక కారణమే. ఏకాదశి, రంజాను, శ్రమదినాలు - ఏదైనా సరే, ఉపవాసం మొదలుకాకముందే డాక్టరుగారిని అడగండి. కొందరికి మాత్రల వేళలను మార్చి కుదుర్చుతారు, కొందరికి ఉపవాసమే వద్దంటారు. ప్రార్థన చేయించుకున్నాక మాత్రలు అక్కరలేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రార్థన చేసుకొని మాత్ర కూడా వేసుకోవచ్చును.

మందును చెడగొట్టేవి

అన్ని మాత్రలు సక్రమంగా వేసుకున్నా ఆయాసం తగ్గలేదంటే మోకాళ్ళ నొప్పికి ఏమి వాడుతున్నారో అడగండి. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు శరీరంలో ఉప్పును, నీటిని నిలిపివేస్తాయి. నీళ్ళ గోళీ ఒకప్రక్క తోడుతుంటే ఇవి మరోప్రక్క నింపుతాయి. గ్యాస్ అని నీళ్ళలో పొంగించి త్రాగే సోడా పొడుల్లో కూడా సోడియం ఎక్కువ.

క్యాంపస్‌లో పొద్దున్నే నడకకు వెళ్ళేవారికి ఒక హెచ్చరిక. నడక మంచిదే, డాక్టరుగారు ఒప్పుకుంటే ఆర్ట్స్ కాలేజీ వరకు ఆగుతూ ఆగుతూ నడవండి. నడక అయ్యాక రోజూ కొబ్బరి బోండాం త్రాగే అలవాటు ఉంటే మాత్రం చెప్పండి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. స్పైరొనోలాక్టోన్, రామిప్రిల్ వంటివి వాడేవారికి రక్తంలో పొటాషియం ముందే పెరిగే వీలుంది, అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మే దానిలో కూడా సోడియం బదులు పొటాషియమే ఉంటుంది. వీరికి ఆ ఉప్పు పనికిరాదు. మామూలు ఉప్పునే తగ్గించాలి. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకే రోజుకు 5 గ్రాములు మించవద్దని చెబుతోంది, అంటే ఒక చెంచా. ఆవకాయ ముక్క, అప్పడం, ఊరమిరపకాయ ఒక పూటలోనే ఆ లెక్క పూర్తిచేస్తాయి.

ఎలా అడగాలి?

తార్నాక, హబ్సీగూడ వైపు రిటైరైన ఉద్యోగులు, ప్రొఫెసర్ల ఇళ్ళలో పెద్దవాళ్ళిద్దరే ఉంటారు. పిల్లలు అమెరికా నుండి ఫోను చేసి "నాన్నా, మందులు వేసుకున్నావా?" అని అడుగుతారు. "ఆఁ, వేసుకున్నా." అంతటితో ఆ సంభాషణ ముగిసింది. ఆ ప్రశ్నకు వేరే జవాబు రాదు. దానికి బదులు, "నాన్నా, అన్ని మాత్రలంటే ఎవరికైనా తప్పుతాయి. ఈ వారంలో ఎన్నిసార్లు తప్పాయి?" అని అడిగి చూడండి. "రెండుసార్లు, బ్యాంకుకు వెళ్ళినప్పుడు" అని వస్తుంది. అదే మీకు కావలసిన జవాబు. మాత్రల పెట్టెను వీడియోలో చూపించమనడం కంటే ఇది గౌరవంగా ఉంటుంది.

మాత్రను రోజూ చేసే ఏదో ఒక పనితో ముడివేయండి. ఉదయం కాఫీ, రాత్రి వార్తలు, పళ్ళు తోముకోవడం, ఏదైనా సరే. ఒక పూట మరచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవచ్చును. తరువాతి మోతాదు వేళ దగ్గరపడితే వదిలివేయాలి. రెండు మాత్రలు కలిపి వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున కొన్ని మందులను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చును. ఆ రోజు స్వంత నిర్ణయం వద్దు, ఫోను చేయండి.

ప్రతి ఉదయం మూత్ర విసర్జన తరువాత, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద వ్రాయండి. మూడు రోజులలో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం మొదలుకాకముందే ఆసుపత్రికి చెప్పండి. కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయండి.

సంక్రాంతికి, దసరాకు ఊరు వెళ్ళేటప్పుడు మందులు తప్పడం ప్రతి ఏడూ చూస్తాము. పండుగ మరునాడు వార్డు నిండుతుంది. బయలుదేరడానికి వారం ముందే మాత్రలు లెక్కపెట్టి, ఉండే రోజులకంటే ఐదు రోజులకు ఎక్కువగా కొనండి. చీటీ నకలు ఒకటి పెట్టుకోండి. మందుల సంచిని బస్సు డిక్కీలో వేసే పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టండి.